గోడమీది రేవు

నల్లని దుస్తులు ధరించి, తెల్లని కుచ్చుల తలముసుగు వేసికొని, చేతులు రెండును ఒడిలో ఉంచుకొని, ప్రక్కవాటుగా కూర్చున్న ఆ వృద్ధమాత చిత్రమును ఏదో ఒక పుస్తకమునందో తపాలాబిళ్లమీదనో చూడని చదువరులు మనలో అరుదుగా ఉందురు. జేమ్స్ మెక్‌నీల్ విస్లర్ అను అమెరికా దేశీయుడు 1871లో లండను నగరమున, చెల్సీ ప్రాంతమునందలి తన యింట, తన తల్లిని కూర్చుండబెట్టి చిత్రించిన పటమది. ఇరువది యేండ్ల తరువాత ఫ్రెంచి ప్రభుత్వము దానిని కొన్నది. ఆ తల్లి ముఖమునందలి ప్రశాంతతను గూర్చియు, ఆ బూడిదరంగుల పొందికను గూర్చియు వ్రాసినవారు లెక్కకు మిక్కిలిగా ఉన్నారు గాని, ఆమె వెనుక గోడమీద సన్నని చట్రములో వ్రేలాడుచున్న చిన్న పటమేదియో విచారించినవారు కొలదిమందియే. అది ఆ చిత్రకారుడే పండ్రెండేండ్లకు ముందు, 1859లో, రాగిరేకుమీద గీసిన ‘బ్లాక్ లయన్ వార్ఫ్’: థేమ్సునది యొడ్డున, వాపింగు పేటలోని ఒక సరకుల రేవు. ఊడ్చి తుడిచిన గది, ఇస్త్రీ మడత చెదరని తెర, ఆ ప్రక్కనే అద్దము వెనుక బురదనది!

విక్టోరియా యుగమునందలి లండను నగరపు ఐశ్వర్యమును, దారిద్ర్యమును ఒక్కచోట చూపిన చిత్రములలో మిక్కిలి నిజమైనది ఏదియని నన్నడిగినచో, ఆ ఉద్దేశముతోనే గీయబడి ప్రసిద్ధిచెందిన చిత్రములనన్నింటిని ప్రక్కకు నెట్టి, అట్టి ఉద్దేశము లవలేశమైనను లేని యీ చిన్న పటమునే చూపుదును. ఈ మాట కొందరికి వింతగా తోచవచ్చును. ఏలయనగా ఇందులో ధనికుడొక్కడును లేడు.

ముందు పటమును చూతము. కాగితము అరచేతులు రెండింటికన్న పెద్దది కాదు. ముందు భాగమున ఒక రేవుమనిషి కూర్చుండియున్నాడు. అతని దుస్తులు, కాళ్లు, అతడు కూర్చున్న తావు, అంతయు నాలుగైదు విసురు గీతలలో తేలిపోయినవి. అతని వెనుక నీరు, నీటికావల వరుసగా గిడ్డంగులు. వీనిని గీయునప్పుడు మాత్రము ఆ చేయి మారిపోయినది: చెక్కగోడల పలకలు, కిటికీ రెక్కలు, పైకప్పులు, వ్రేలాడు దూలములు, కొట్లపై పేరుపలకలు, ఒక్కటియు విడువక, గృహస్థుడు సామానుల పట్టిక వ్రాసికొన్నంత శ్రద్ధతో గీయబడినవి. ఈ శ్రద్ధ అతనికెచ్చట అలవడినదో కూడ చరిత్ర చెప్పుచున్నది. వెస్ట్ పాయింటు సైనిక విద్యాలయమునుండి 1854లో బహిష్కృతుడై, వాషింగ్టనులో అమెరికా సముద్రతీర సర్వే కార్యాలయమున కొలదికాలము పనిచేసిన విస్లర్, తీరరేఖలను రాగిరేకులమీద ఆమ్లముతో తొలిపించు విద్య అక్కడనే నేర్చెను. ఉద్యోగము నిలువలేదు, విద్య నిలిచినది.

ఆ విద్య స్వరూపమిది. నునుపుచేసిన రాగిరేకుపై మైనము, లక్క, తారు కలిసిన పలుచని పూత పూసి పొగపట్టింతురు. సూదితో ఆ పూతను గీచిన చోట రాగి బయటపడును. రేకును ఆమ్లమునందుంచగా బయటపడిన రాగిని మాత్రమే ఆమ్లము తినివేయును. పిదప పూత తొలగించి, ఆ చాళ్లలో సిరా నింపి, పైభాగము తుడిచివేసి, తడిపిన కాగితముతో అచ్చుయంత్రమున నొక్కుదురు. విస్లర్ తన రేకులను జేబులో వేసికొని ఒడ్డునకు పోయి, కంటికి కనబడినదానిని నేరుగా రాగిమీదనే గీచెను గనుక, అచ్చులో కుడి యెడమలు తారుమారైనవి. అంతకు ముందటి యేడే, 1858 వేసవిలో, నగరపు మురుగంతయు కలిసిన థేమ్సు కంపు భరింపరాక, పార్లమెంటు భవనపు తెరలను సున్నపు క్లోరైడులో ముంచి వ్రేలాడదీసి సభ్యులు సభ జరుపుకొనిరి. ఆ కంపు తగ్గించుటకు బాజల్‌జెట్ అను ఇంజనీరు భూగర్భపు కాలువలు త్రవ్వనారంభించిన 1859లోనే ఈ యువకుడు వాపింగు, రాదర్‌హైత్ పేటలలో పడవవాండ్ర నడుమ బస చేసి గీతలు గీచికొనుచుండెను. అట్లు గీచినవానిని మరికొన్నిటితో చేర్చి పదునారు చిత్రముల సంపుటముగా 1871లో ప్రచురించిరి. వీనిని అంతకు ముందే, 1862లో, పారిసులో చూచిన కవి బోదలేరు మెచ్చుకొని వ్రాసియున్నాడు.

సరే, ఇందులో ఐశ్వర్యమెక్కడ? ఆ గిడ్డంగులే ఐశ్వర్యము. వెస్టిండియా డాకులు 1802లోను, వాపింగుననే ఉన్న లండను డాకు 1805లోను, ఈస్టిండియా డాకులు 1806లోను తెరువబడిన నాటినుండి, చక్కెర, రమ్ము, పొగాకు, తేయాకు, సారాయము, దంతము, ఉన్ని, బియ్యము, భూగోళమునందలి పంటలన్నియు ఈ ఒడ్డున దిగి, ఈ గదులలో నిలువయై, దళారుల వేలములలో చేతులు మారి, ఆ మార్పిడిలోనే నగరపు భాగ్యమంతయు పుట్టుచుండెను. హైడు పార్కులో సాయంకాలము దొరసానుల గుఱ్ఱపుబండ్లు తిరుగుటకు కావలసిన సొమ్ము ఇచ్చటినుండియే పోవుచుండెను. ఆ సొమ్మును మూటలుగా, పీపాలుగా వీపుమీద మోసి ఓడనుండి గిడ్డంగికి చేర్చినవాడు మాత్రము చిత్రము ముందుభాగమున కూర్చుండియున్నాడు.

అతని జీవనమును గూర్చి తెలిసికొనగోరువారికి హెన్రీ మేహ్యూ అను పత్రికారచయిత 1849 మొదలు వ్రాసిన వృత్తాంతములు గలవు. తెల్లవారగానే లండను డాకు ద్వారమువద్ద వందలకొలది మనుష్యులు గుమికూడుదురు. వారిలో కూలీలే గాక, చితికిన వర్తకులు, ఉద్యోగము పోయిన గుమాస్తాలు, పదవి విడిచిన సైనికులు కూడ ఉందురు, ఏలయనగా యోగ్యతాపత్రము అడుగని పని నగరమున అది యొక్కటియే. మేస్త్రీ వచ్చి పేర్లు పిలుచుట మొదలుపెట్టినంతనే, చేతులెత్తి, కేకలువేసి, ఒకరి వీపులపై ఒకరెక్కి, తన ముఖము మేస్త్రీ కంట పడవలెనని ప్రతివాడును పెనుగులాడును. పిలుపు దొరకినవానికి గంటకు నాలుగు పెన్సులు. దొరకనివాడు ఆవరణములో మధ్యాహ్నము వఱకు కూర్చుండి మఱొక పిలుపునకై చూచును. తూర్పుగాలి వీచినచో ఓడలు నదిలోనికి రాలేవు. అప్పుడు పిలుపే యుండదు. రేపటి కూడు గాలివాటుపై ఆధారపడియుండెనని యనుట ఇచ్చట అలంకారము కాదు.

మేహ్యూ చూచిన దృశ్యములలో ఒకటి మన తెలుగువారికి ప్రత్యేకముగా పట్టింపు గలది. డాకు దారులలో ఎదురైన మనుష్యులలో కొందరి ముఖములు నీలిమందు పొడిచేత నీలివర్ణమై యుండెనట. ఆ శతాబ్దమున లండనులో జరుగు నీలిమందు వేలములలో వంగదేశపు సరకే ప్రధానమైనను, దాని తరువాత చెన్నపట్టణపు సరకును, దానితోపాటు ‘కర్పా’ అను పేర మన కడప సరకును వేరువేరు తరగతులుగా చెల్లుచుండెను. ఆకు కోసి, తొట్లలో నానవేసి, పులిసిన నీటిలో మనుష్యులు దిగి గంటల తరబడి ఆ నీటిని బాదినగాని నీలి తేలదు. అట్లు బాదినవారి కాళ్లు, చేతులు నీలమగును. ఇచ్చట తొట్టిలో దిగినవాడును నీలమే, అచ్చట పెట్టె విప్పినవాడును నీలమే. నడుమ ఎగుమతిదారు, ఓడ యజమాని, బీమాదారు, దళారి, వీరందరి చేతులును తెల్లగానే యుండెను. 1897లో జర్మనీ రసాయన కర్మాగారము కృత్రిమ నీలిని విపణిలోనికి దింపినపిమ్మట కడప తొట్లు ఎండనారంభించినవి. అది వేఱు కథ.

ఐశ్వర్య దారిద్ర్యములను ప్రక్కప్రక్కన నిలిపి చూపుటయే పనిగా పెట్టుకొన్న చిత్రకారునిగా ఆ కాలమున పేరుపొందినవాడు గుస్తావ్ డోరే. స్ట్రాస్‌బర్గులో 1832లో పుట్టిన ఈ ఫ్రెంచివానితో ఒక ప్రచురణ సంస్థవారు, ఏటికి మూడు మాసములు లండనులో ఉండునట్లును, ఏటికి పదివేల పౌనుల చొప్పున అయిదేండ్లు ఇచ్చునట్లును ఒడంబడిక చేసికొనిరి. బ్లాంచర్డ్ జెరాల్డు అను రచయితతో కలిసి, చీకటిపేటలలో మఫ్టీ పోలీసుల తోడు తీసికొని, అతడు తిరిగిన తిరుగుళ్లకు ఫలముగా 1872లో 180 చిత్రములతో ‘లండన్: ఏ పిల్‌గ్రిమేజ్’ వెలువడెను. ఇవి రాగిమీది ఆమ్లరేఖలు కావు, కొయ్యదిమ్మెలపై చెక్కినవి. డోరే వీథిలో నిలిచి గీయక, చూచినది మనస్సున పట్టుకొని ఇంటికి పోయి గీయువాడు. ఒక పుట త్రిప్పినచో హైడు పార్కు బండ్లు, డెర్బీ పందెములు, వనవిహారములు. మఱొక పుట త్రిప్పినచో వైట్‌చాపెల్ చీకటిసందులు, లండను వంతెనమీద నక్షత్రముల క్రింద రాతి అరుగుపై ఒరిగి నిద్రించు నిర్భాగ్యులు. ఆ నిద్రితులను చూచినప్పుడు హృదయము ద్రవించనివాడు మనుష్యుడు కాడు, నేనును ద్రవించితిని. అయినను, ఆ ద్రవించుటయందే ఒక మోసము కలదని నా అనుమానము.

ఎట్లనగా, విలాసము ఒక పుటలోను వేదన మఱొక పుటలోను ఉన్నప్పుడు, ఆ రెండింటిని కలుపునది పుస్తకము కుట్టిన దారమొక్కటియే. ధనికుడు ధనికుడుగా ఉన్నాడు, దరిద్రుడు దరిద్రుడుగా ఉన్నాడు, ఎంత వైపరీత్యము! అని నిట్టూర్చి చదువరి పుస్తకము మూసివేయును. పగలురాత్రుల వలె ఇవి సహజములనియు, ఒకదానికి మఱొకటి కారణము కాదనియు అతని అంతరంగము సమాధానపడును. జాలి అను భావము ఎంత ఉదాత్తమైనను, అది జాలిపడువానిని దృశ్యమునకు వెలుపల నిలుపును. ఖరీదైన ఆ పుస్తకమును కొన్నవారిలో పలువురు ఆ డాకుల వాటాదారులై యుండుటకు అభ్యంతరమేమియు లేదు. డోరేకు అన్యాయము చేయరాదు: గిడ్డంగుల నడుమ ఇరుకు వీథులలో బరువులు పైకెత్తుచున్న చిత్రములు, రైలువంతెన క్రింద వరుసలు తీరిన పేదల పెరడులు చూపిన చిత్రము, ఇవి ఆ గ్రంథమునందే గలవు, అవి నిద్రితుల చిత్రమువలె ప్రసిద్ధములు కాకపోయినను దానికన్న గట్టివి. గ్రంథాంతమున అతడు చరిత్రకారుడైన మెకాలే ఊహను గైకొని, భవిష్యత్తున ఎప్పుడో న్యూజిలాండునుండి వచ్చిన యాత్రికుడొకడు థేమ్సు ఒడ్డున శిథిలములపై కూర్చుండి పాడువడిన లండనును గీచికొనుచున్నట్లు చూపెను. ఆ శిథిలములలో ఒక గోడమీద ‘కమర్షియల్ వార్ఫ్’ అను అక్షరములు ఇంకను చదువ వీలుగా నున్నవి. గోపురములు కూలినను రేవు పేరు చెరిగిపోలేదు! డోరే చేతికి ఆ క్షణమున డోరే జాలికన్న ఎక్కువ తెలిసినదని నాకు తోచును.

ప్రక్కప్రక్కన నిలుపు ఈ పద్ధతి అతడు పుట్టించినది కాదు. 1843లోనే ‘పంచ్’ పత్రికలో జాన్ లీచ్, చిరుగుబట్టల బీదలు ఒక ప్రదర్శనశాలలో కులీనుల పటముల ముందు నిలువబడి చూచుచున్నట్లు గీచెను. నది యొడ్డుననే, వెస్ట్‌మినిస్టరు శాలలో, పార్లమెంటు భవనాలంకరణకు చిత్రముల పోటీ జరుగుచున్న వేళ అది. అన్నము అడుగువారికి బొమ్మలు చూపుచున్నారని అతని ఆక్షేపణ. అందులో కోపము కలదు గనుక డోరే జాలికన్న అది నాకు రుచించును.

అయితే ఈ పద్ధతిని అందరికన్న చక్కగా వాడినవారు చిత్రకారులు కారు, కూలీలు. 1889 ఆగస్టు మాసమున వెస్టిండియా డాకులలో ఆరంభమైన సమ్మె, బెన్ టిల్లెట్, జాన్ బర్న్స్, టామ్ మాన్ మొదలగువారి నాయకత్వమున నది పొడవునకు వ్యాపించి, ఓడల నోళ్లు మూయించెను. గంటకు ఆరు పెన్సులు, పిలిచినచో కనీసము నాలుగు గంటల పని: ఇంతియే వారి కోరిక. దినదినము వేలకొలదిగా నగర హృదయమునందలి డాకు కంపెనీల కార్యాలయముల మీదుగా ఊరేగుచు, వారు గడకఱ్ఱలకు కుళ్లిన ఉల్లిగడ్డలు, చేపతలలు గ్రుచ్చి మోసిరి. కూలివాని భోజనము ఇది, యజమాని భోజనము అది అనియు, కూలివాని శిశువు ఇది, యజమాని శిశువు అది అనియు బొమ్మలు కట్టి చూపిరి. పద్ధతి డోరేదే గాని, చూపువాడు మారెను. చూడవలసినవాడు కార్యాలయపు కిటికీలోనుండి చూచుచుండెను. జాలిపడి పుస్తకము మూయుటకు అతనికి వీలులేదు, ఏలయనగా క్రిందనున్నవారు అడుగుచున్నది జాలి కాదు, ఆరు పెన్సులు. ఆస్ట్రేలియా కార్మికులు సుమారు ముప్పది వేల పౌనులు పంపిరి. సెప్టెంబరు నడుమ నాటికి కోరిక నెరవేరెను. ఆ ఆగస్టు 6వ తేదీననే, అదే నది యొడ్డున, నాటక వ్యాపారమున లాభించిన డాయ్‌లీ కార్ట్ అను ఘనుడు విద్యుద్దీపములతో, పైకెక్కించు యంత్రములతో సవాయ్ హోటలును తెరచెను. దాని క్రిందనే, బాజల్‌జెట్ కట్టిన కట్టమీది బల్లలపై ఇల్లులేనివారు రాత్రులు గడపుచుండిరి.

ఇక విస్లర్ సంగతి. అతడు బీదల పక్షపాతి కాడు. కళకు కళయే ప్రయోజనమని వాదించినవారిలో అగ్రగణ్యుడు. వాపింగు బురద విడిచి చెల్సీకి చేరినపిమ్మట, అదే నదిని రాత్రి మంచులో కరగించి ‘నాక్టర్న్’ అను పేర వర్ణచిత్రములు వేయసాగెను. అందులో ఒకదానికి రెండువందల గినీలు ధరకట్టగా కళావిమర్శకుడు రస్కిన్ నిందించుటయు, విస్లర్ దావా వేయుటయు, 1878లో గెలిచి ఒక్క ఫార్దింగు నష్టపరిహారము పొందుటయు, మఱునాటి యేట దివాలా తీయుటయు లోకవిదితములు. ఆ రెండువందల గినీలు, నాటి డాకుకూలి గంటకు అయిదు పెన్సుల లెక్కన, పదివేల ఎనుబది గంటల మోత. దినమునకు పదిగంటల పని ప్రతిదినము దొరకెనను అసంభవమును ఒప్పుకొన్నను వేయిదినములు దాటును. చిత్రమునకు ఆ వెల తగదని నేననను; ఆ రెండు వెలలును ఒకే నది కట్టినవని మాత్రమందును. 1885లో ఇచ్చిన ప్రసిద్ధోపన్యాసమున అతడు, సాయంకాలపు మంచు నదీతీరమును కప్పినవేళ గిడ్డంగులు రాజభవనములుగా భాసించునని కొనియాడెను. పలకల లెక్క తప్పకుండ 1859లో గిడ్డంగిని గిడ్డంగిగా గీచిన కన్నే ఇట్లు మాటలాడినది! పిదప 1896లో, మరణశయ్యపై నున్న భార్యతో సవాయ్ హోటలులో బసచేసి, ఆ మేడమీది గదులనుండి థేమ్సును మరల గీచెను. ఆ దుఃఖము ముందు విమర్శ తగదు. అయినను కన్ను ఎక్కిన ఎత్తు మాత్రము గమనింపదగినదే. పడవలో కూర్చుండి చూచిన నది, మేడమీదినుండి చూచిన నది ఒకటి కావు.

అందుచేతనే తొలినాటి ఆ రాగిరేకులకు నేను మ్రొక్కుదును. ఉపదేశింపవలెనను తలంపు లేకుండుటచేత, మనిషిని, గిడ్డంగిని, వానిని కలుపు నీటిని విడదీయక అవి ఒకే చట్రములో పట్టినవి. సరకు గీతలో స్పష్టముగా ఉన్నది, మోసినవాడు అస్పష్టముగా ఉన్నాడు. ఆ యుగపు ఖాతాపుస్తకములలో నున్నదియు సరిగా ఇట్లే గదా.

నేడు వాపింగు గిడ్డంగులు ధనవంతుల నివాసములైనవి. ఒకప్పుడు సరకు పైకిలాగిన ఇనుప చేతులు గోడలకు అలంకారములుగా మిగిలినవి. లండను డాకు 1969లో మూతపడెను. వెస్టిండియా డాకులు 1980లో మూతపడగా, ఆ నేలమీద కానరీ వార్ఫ్ అను పేర బ్యాంకుల ఆకాశహర్మ్యములు లేచినవి; ఆ ప్రాంతమున కొలువుచేయు భారతీయులలో మన తెలుగు యువకులును ఉన్నారు. 2001లో తూర్పు లండను ప్రజాసంఘములు బ్రతుకుటకు చాలిన కూలికై ఆరంభించిన ఉద్యమము, ఆ హర్మ్యములను రాత్రివేళ ఊడ్చి తుడుచువారి పక్షముననే మొదట గట్టిగా వినబడినది.

విస్లర్ రేవుల అచ్చులు ఇప్పుడు పెద్ద పెద్ద ప్రదర్శనశాలల సొత్తు. అట్టి అచ్చుల క్రింద వ్రాయు చీటీలలో చిత్రకారుని పేరు, సంవత్సరము, రేకుపై జరిగిన మార్పులలో ఇది యెన్నవ దశ అచ్చు, ఏ కాగితము, ఏ దాత, ఇన్ని వివరములుండుట ఆచారము. మూడవ దశకును నాలుగవ దశకును భేదము చెప్పుటకు చోటు దొరకిన ఆ చీటీమీద, ముందు భాగమున కూర్చున్నవానికి ఆ యేట గంటకు నాలుగు పెన్సులు కూలియని ఒక్క పంక్తి చేర్చుటకు చోటు దొరకకపోదు. ప్రదర్శనశాలల అధికారులు దానిని చేర్చవలెనని నా కోరిక.